ఆశయం, ఆచరణ, వారసత్వం: నిప్సీ హసిల్‌ను అంచనా వేయడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఒక కళాకారుని ఆశయాన్ని, ఆచరణను, వారసత్వాన్ని వేరువేరుగా గుర్తించగలుగుతారు.
• సంస్మరణకూ విమర్శకూ గల తేడాను ఉదాహరణతో వివరించగలుగుతారు.
• నిప్సీ హసిల్ కృషిని ఆధారాలతో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

పేరున్న కళాకారుడు అకాలంగా మరణిస్తే అభిమానులు ఆయన చేయాలనుకున్నవాటిని కూడా చేసినవాటి జాబితాలో చేర్చుతారు. నచ్చనివారు మిగిలిపోయిన పనులను చూపి, పూర్తయిన పనులను కూడా తక్కువ చేస్తారు. విమర్శకుడు ఈ రెండు లెక్కలనూ సరిచూడాలి. అందుకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఆయన ఏమి కోరుకున్నాడు? బతికి ఉండగా ఏమి చేశాడు? ఆయన తరువాత ఏమి నిలిచింది? అమెరికా ర్యాప్ కళాకారుడు నిప్సీ హసిల్ జీవితానికి ఈ ప్రశ్నలను అన్వయించి చూద్దాం.

2. జీవిత నేపథ్యం

నిప్సీ హసిల్ అసలు పేరు ఎర్మియాస్ అస్గెదోమ్. 1985 ఆగస్టు 15న లాస్ ఏంజిలెస్‌లో జన్మించాడు. తండ్రి ఆఫ్రికాలోని ఎరిత్రియా నుంచి వలస వచ్చినవాడు, తల్లి ఆఫ్రికన్ అమెరికన్. నగరపు దక్షిణ భాగంలో, క్రెన్‌షా ప్రాంతంలో పెరిగాడు. యౌవనంలోనే అక్కడి రోలిన్ సిక్స్‌టీస్ అనే వీధిముఠాలో చేరాడు. ఈ సంగతిని ఆయన ఎన్నడూ దాచలేదు. ఆయన పాటలకు ముడిసరుకు ఆ జీవితమే.

2019 మార్చి 31న, స్లాసన్, క్రెన్‌షా వీధుల కూడలిలో తన బట్టల దుకాణం ముందు తుపాకి కాల్పుల్లో మరణించాడు. అప్పటికి వయస్సు 33 సంవత్సరాలు. కాల్చిన వ్యక్తి ఆయనకు తెలిసినవాడే. 2022లో న్యాయస్థానం అతణ్ణి దోషిగా నిర్ధారించింది.

3. ఆశయం: సొంతదారులుగా ఉండడం

ఆయన ఆశయాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే 'యాజమాన్యం'. దీన్ని ముందుగా సంగీతంలో ప్రయోగించాడు. 2013లో 'క్రెన్‌షా' అనే పాటల సంకలనాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తూనే, 1,000 ప్రతులను ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అన్నీ అమ్ముడుపోయాయి. వాటిలో 100 ప్రతులను ప్రసిద్ధ ర్యాప్ కళాకారుడు జే-జీ కొన్నాడు. పెద్ద కంపెనీ దయమీద ఆధారపడకుండా శ్రోతతో నేరుగా సంబంధం పెట్టుకోవచ్చని ఈ ప్రయోగం చూపింది. 2018లో వచ్చిన 'విక్టరీ ల్యాప్' ఆల్బమ్‌కు పెద్ద కంపెనీతో చేతులు కలిపినా, తన సొంత సంస్థ 'ఆల్ మనీ ఇన్'ను వదులుకోలేదు.

తరువాత ఇదే సూత్రాన్ని తన వాడకు వర్తింపజేయాలనుకున్నాడు. నల్లజాతివారు ఖర్చుపెట్టే డబ్బు సాయంత్రానికల్లా వాడ దాటి వెళ్లిపోతుంది. దుకాణాలూ భవనాలూ అక్కడివారి చేతుల్లో ఉంటే ఆ డబ్బు అక్కడే తిరుగుతుంది. పిల్లలకు ముఠా తప్ప మరో దారి కనిపిస్తుంది. ఆయన ఆలోచనాక్రమం ఇది.

4. ఆచరణ: చేసినది ఎంత?

ఇక్కడ మనం వివరాలను జాగ్రత్తగా చూడాలి. ఒకప్పుడు తాను కారు డిక్కీలోంచి సీడీలు అమ్మిన కూడలిలోనే 'మారథాన్ క్లోతింగ్' దుకాణం నడిపాడు. జైలు నుంచి బయటికి వచ్చి పని దొరకనివారికి అందులో ఉద్యోగాలిచ్చాడు. మరణానికి కొద్దికాలం ముందు భాగస్వాములతో కలిసి ఆ దుకాణ సముదాయాన్నే కొన్నాడు. 2018 ఫిబ్రవరిలో డేవిడ్ గ్రాస్‌తో కలిసి 'వెక్టర్ 90' కేంద్రాన్ని ప్రారంభించాడు. చిన్న వ్యాపారులు పనిచేసుకునే స్థలం, యువతకు విజ్ఞాన, సాంకేతిక శిక్షణ దాని లక్ష్యాలు. క్రెన్‌షా వీధి వెంట సుమారు 1.3 మైళ్ల పొడవున నల్లజాతి కళను ప్రదర్శించే 'డెస్టినేషన్ క్రెన్‌షా' పథకానికి తొలిదశలో అండగా నిలిచాడు. ముఠా హింసను తగ్గించే మార్గాలపై నగర పోలీసు అధికారులతో సమావేశం కూడా కుదిరింది. దాని తేదీ 2019 ఏప్రిల్ 1, అంటే ఆయన మరణించిన మర్నాడు.

ఇవన్నీ నిజమైన పనులే. అయితే వీటి పరిమాణాన్ని గమనించండి: ఒక కూడలి, ఒక దుకాణ సముదాయం, ఒక శిక్షణ కేంద్రం. ఇవి బలమైన నమూనాలు. ఒక ప్రాంతపు ఆర్థిక స్థితిని మార్చే వ్యవస్థగా ఎదగడానికి వాటికి కాలం చాలలేదు.

5. వారసత్వం: నిలిచినది ఏమిటి?

మరణానంతరం గౌరవాలకు లోటు లేదు. 2019 ఏప్రిల్ 11న స్టేపుల్స్ సెంటర్‌లో జరిగిన సంస్మరణ సభలో మాజీ అధ్యక్షుడు ఒబామా పంపిన లేఖను చదివి వినిపించారు. శవయాత్ర 25 మైళ్లకు పైగా సాగింది. ఆ కూడలికి ఆయన పేరు పెట్టాలని నగర పాలక మండలి తీర్మానించింది. 2020లో రెండు గ్రామీ అవార్డులు వచ్చాయి. నగరమంతటా గోడలపై ఆయన చిత్రాలు వెలిశాయి.

వీటికంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆయన మరణించిన కొద్దిరోజులకే, తరాలుగా పగతో ఉన్న ముఠాల సభ్యులు కలిసి ఊరేగింపుగా నడిచారు, శాంతి చర్చలు జరిపారు. బతికి ఉండగా కుదరనిది మరణం కొంతకాలం సాధించింది. ఆ శాంతి శాశ్వతం కాలేదు. 2020, 2021 సంవత్సరాలలో లాస్ ఏంజిలెస్‌లో హత్యలు పెరిగాయి. దీనికి కరోనా కాలపు ఇబ్బందులతో సహా అనేక కారణాలున్నాయి కనుక, ఆ పెరుగుదలను ఆయన ఆశయ వైఫల్యంగా చూపడం సరికాదు. వ్యక్తి మీద ప్రేమతో వచ్చిన సంధిని నిలబెట్టడానికి సంస్థ కావాలని మాత్రం ఈ అనుభవం చెబుతుంది.

ఇక ఆయన దుకాణం మూతపడింది. ఆవరణ చుట్టూ కంచె వచ్చింది. 'మారథాన్ కొనసాగుతుంది' అనే అర్థం వచ్చే ఆయన నినాదాన్ని వేరొకరు వ్యాపారచిహ్నంగా నమోదు చేసుకోబోగా, వారసులు న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. వాడ సొత్తు వాడకే చెందాలన్న మనిషి మాట మీదే యాజమాన్యపు తగాదా వచ్చింది.

6. విమర్శ

ఆయన ఆశయంలోనే రెండు చిక్కులున్నాయి.

మొదటిది, 'మనం' అనే మాటకు అర్థం. ఒక కళాకారుడు, ఆయన భాగస్వాములు భవనాన్ని కొంటే అది వారి ఆస్తి అవుతుంది. వాడ ఆస్తి కావాలంటే సహకార సంఘమో, ట్రస్టో, స్థానికులకు వాటాలో ఉండాలి. ఆయన ఆసక్తి చూపిన 'ఆపర్చునిటీ జోన్' విధానం 2017 పన్ను చట్టం ద్వారా వచ్చింది. వెనుకబడిన ప్రాంతాలలో పెట్టుబడి పెట్టేవారికి అది పన్ను రాయితీ ఇస్తుంది. ఆ రాయితీ పెట్టుబడిదారుకు తప్పక అందుతుంది, అద్దె ఇంటివారికి మేలు జరుగుతుందన్న హామీ మాత్రం అందులో లేదు. ప్రాంతం బాగుపడితే అద్దెలూ పెరుగుతాయి. ఆయన ఎవరికోసం పాడాడో వారే ఇల్లు ఖాళీ చేయవలసిరావచ్చు.

రెండవది, అన్నీ ఒక్క మనిషి చుట్టూ అల్లుకొని ఉండడం. కాపలా లేకుండా ఆ కూడలిలో నిలబడి అందరితో మాట్లాడడం వల్లనే ఆయన మాటకు విలువ వచ్చింది. ఆయన ప్రాణం పోయింది కూడా అలా నిలబడి ఉన్నప్పుడే. ఆ విలువను మరొకరికి అప్పగించే వీలు లేదు.

అయితే ఆయన పక్షాన ఒక సమాధానం ఉంది. ప్రభుత్వాలూ బ్యాంకులూ దశాబ్దాలపాటు పట్టించుకోని చోట ఒక వ్యక్తి తన పాటల సంపాదనను తెచ్చి పెట్టాడు. సంస్థ నిర్మించలేదని నిందించే ముందు, సంస్థలు అక్కడికి ఎందుకు రాలేదని అడగాలి. ఆయన మరణించిన తరువాత కూడా నగరాధికారులు ఆ దుకాణ సముదాయంపై ముఠా కార్యకలాపాల అనుమానంతో విచారణ సాగించారన్న వార్త వచ్చింది. ఒక చేత్తో కూడలికి పేరు పెడుతూ మరో చేత్తో దర్యాప్తు నడిపిన నగరాన్ని కూడా మన అంచనాలో చేర్చాలి.

7. సారాంశం

నిప్సీ హసిల్ విడిచివెళ్లిన సంస్థలు చిన్నవి, లేవనెత్తిన ప్రశ్న పెద్దది: మేము పుట్టి పెరిగిన నేల ఎవరిది? ఈ ప్రశ్నను ఆర్థికవేత్తల భాషలోంచి వీధి కుర్రవాళ్ల భాషలోకి తేవడమే ఆయన నిజమైన విజయం. గోడమీది బొమ్మ ఆ ప్రశ్నను గుర్తుచేసినంతకాలం అది వారసత్వమే. ఆ ప్రశ్నకు బదులుగా బొమ్మే మిగిలితే అది అలంకారం. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో గమనించి చెప్పడం విమర్శకుని బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆశయం, ఆచరణ, వారసత్వం అనే మూడింటి మధ్య తేడాను నిప్సీ హసిల్ జీవితం ఆధారంగా వివరించండి.
2. వ్యక్తి యాజమాన్యానికీ సముదాయ యాజమాన్యానికీ గల భేదం ఈ అంచనాను ఎలా ప్రభావితం చేస్తుంది?
3. మీకు తెలిసిన ఒక దివంగత కళాకారుని తీసుకొని, పై మూడు ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానం రాయండి.