గీత దాటిన వరుస

ఒక డేటాబేస్‌లో ఉన్నదంతా ఇంకో డేటాబేస్‌కు పంపడం ఇవాళ పెద్ద పనితనం కాదు. ఎంచి కొంతే పంపడంలో ఉంది పనితనమంతా. రాష్ట్రం మొత్తం విద్యుత్ కనెక్షన్ల టేబుల్ ఒకచోట ఉందనుకుందాం. గుంటూరు ఆఫీసు డేటాబేస్‌కు గుంటూరు వరుసలే చేరాలి. ఏ మార్పు జరిగినా వెంటనే చేరాలి. 'జిల్లా గుంటూరు అయితే పంపు' అని షరతు ఒకటి రాస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొత్త వరుసలు చేరడం వరకే అయితే నిజంగానే సరిపోతుంది. కానీ 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకూ గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల తానే ఒక జిల్లా అయింది. అలాంటి రోజున టేబుల్‌లో వేలాది వరుసల్లో జిల్లా పేరు మార్చాల్సి వస్తుంది. మూల డేటాబేస్‌లో అది మామూలు అప్‌డేట్. మరి గుంటూరుకు ఏం పంపాలి? కొత్త పేరు షరతుకు సరిపోలేదు గనక ఏమీ పంపకపోతే, బాపట్ల ఇళ్లు గుంటూరు కాపీలో పాత పేరుతో ఎప్పటికీ ఉండిపోతాయి. బాపట్లకు అప్‌డేట్ పంపుదామంటే, అక్కడ ఆ వరుసే లేదు, దేన్ని మారుస్తారు?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దీనికి ఇచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. 2022 అక్టోబరు 13న విడుదలైన 15వ వెర్షన్‌లో 'రో ఫిల్టర్' అనే సదుపాయం వచ్చింది. మారిన వరుసను అది రెండు వేళల్లో చూస్తుంది: మారకముందు ఎలా ఉంది, మారాక ఎలా ఉంది. రెండూ షరతుకు లోబడితే అప్‌డేట్‌గానే పంపుతుంది. రెండూ లోబడకపోతే ఊరుకుంటుంది. పాతది లోబడి కొత్తది లోబడకపోతే ఆ అప్‌డేట్‌ను డిలీట్‌గా మార్చి పంపుతుంది. పాతది లోబడక కొత్తది లోబడితే ఇన్సర్ట్‌గా మార్చి పంపుతుంది. అంటే బాపట్ల ఇల్లు గుంటూరు కాపీలోంచి తొలగిపోతుంది, బాపట్ల కాపీలో కొత్తగా చేరుతుంది. మూలంలో జరిగిన పని ఒక్కటే. అందుకునేవాళ్లిద్దరికీ అది రెండు వేరు వేరు పనులుగా అందింది, ఇద్దరికీ అందింది నిజమే.

ఈ నాలుగు వాక్యాల వెనక చాలా కాలం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకప్పుడు కొన్ని టేబుళ్లను మాత్రమే ఇంకోచోటికి పంపాలంటే స్లోనీ, స్కైప్ సంస్థలో పుట్టిన లండిస్టే వంటి బయటి పనిముట్లు వాడాల్సి వచ్చేది. అవి ప్రతి టేబుల్‌కూ ట్రిగ్గర్లు తగిలించేవి. 2010లో 9.0 వెర్షన్‌తో స్ట్రీమింగ్ రెప్లికేషన్ వచ్చింది గానీ, అది సర్వర్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు కాపీ చేసేది. ఎంపికకు చోటు లేదు. 2014లో లాజికల్ డీకోడింగ్ వచ్చాక, మార్పులన్నీ నమోదయ్యే లాగ్‌లోని బైట్లను చదివి 'ఫలానా టేబుల్‌లో ఫలానా వరుస మారింది' అని చెప్పడం సాధ్యమైంది. దానిమీద 2017లో 10వ వెర్షన్, పంపే వైపు పబ్లికేషన్, అందుకునే వైపు సబ్‌స్క్రిప్షన్ అనే జంటను కట్టింది. అప్పటికి టేబుళ్లను ఎంచుకోవచ్చు, వరుసలను కాదు. వరుసలను ఎంచే తొలి ప్యాచ్‌ను బ్రెజిల్‌కు చెందిన యూలర్ తవేరా 2018లో ముందుకు తెచ్చారు. తర్వాత హౌ ఝిజియే, పీటర్ స్మిత్, అజిన్ చెరియన్ దానిమీద పనిచేశారు. 2022 ఫిబ్రవరిలో అమిత్ కపిలా దాన్ని అసలు కోడ్‌లో చేర్చారు.

ఇంత కాలం ఎందుకు పట్టిందో తెలియాలంటే లాగ్‌లో ఏముంటుందో చూడాలి. ఒక వరుస మారినప్పుడు పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో కొత్త వరుసను రాస్తుంది. పాత వరుస మొత్తాన్నీ మామూలుగా రాయదు. రాస్తే లాగ్ ఊరికే పెరిగిపోతుంది. వరుసను గుర్తుపట్టడానికి అవసరమైన కాలమ్‌లు, అంటే 'రెప్లికా ఐడెంటిటీ'లో ఉన్నవి మారితేనే సాధారణంగా వాటి పాత విలువలు రాస్తుంది. వేరే ఏర్పాటేదీ చేయకపోతే ప్రైమరీ కీయే ఆ ఐడెంటిటీ. పాత వరుస షరతుకు లోబడిందో లేదో తేల్చాలంటే, షరతులో వాడిన కాలమ్ పాత విలువ ఎక్కడో ఒకచోట దొరకాలి కదా. అందుకే ఒక నియమం పెట్టారు: పబ్లికేషన్ అప్‌డేట్లనో డిలీట్లనో పంపేదైతే, షరతులో వాడే కాలమ్‌లన్నీ రెప్లికా ఐడెంటిటీలో ఉండి తీరాలి. మన ఉదాహరణలో జిల్లా, కనెక్షన్ నంబరు రెండూ కలిపి ఒక యూనిక్ ఇండెక్స్ కట్టాలి. రెండు కాలమ్‌లలోనూ నల్ విలువలు ఉండకూడదు. ఆ ఇండెక్స్‌నే ఐడెంటిటీ అని టేబుల్‌కు చెప్పాలి.

మొదటిసారి ఈ నియమం తగిలినవాళ్లకు ఇది అడ్డుగోడలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ నిర్మాణం మొత్తంలో ఇదే అందమైన చోటు. మీటర్ రీడింగో బిల్లు మొత్తమో మారిందనుకోండి. ఐడెంటిటీ కాలమ్‌లు మారలేదు, కాబట్టి లాగ్‌లో పాత విలువలు లేవు. అప్పుడు ఫిల్టర్ కొత్త వరుసను ఒక్కసారి చూసి తేల్చేస్తుంది. పాతదాన్ని చూడకపోతే తప్పు జరగదా? జరగదు. షరతు చూసేది ఐడెంటిటీ కాలమ్‌లనే, అవి మారలేదు, కాబట్టి పాత వరుస ఇచ్చే జవాబు కొత్త వరుస ఇచ్చేదే. రోజూ జరిగే అప్‌డేట్లలో చాలావరకు ఈ రకమే. అదనపు పని పడేది గీత దాటగల వరుసల దగ్గరే. ఒక్క నియమం అటు సరైన జవాబుకు హామీ ఇస్తూ, ఇటు లాగ్‌ను పెరగనివ్వకుండా చూస్తోంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమని చెప్తాను. ఈ నియమాన్ని పబ్లికేషన్ తయారుచేసేటప్పుడు పరిశీలించరు. పబ్లికేషన్ నిశ్శబ్దంగా తయారైపోతుంది. ఆ తర్వాత ఎవరో మూలంలో అప్‌డేట్ చేయబోయినప్పుడు అది ఎర్రర్‌తో ఆగిపోతుంది. నడుస్తున్న అప్లికేషన్‌కు అది గట్టి దెబ్బే. ఐడెంటిటీనీ పబ్లికేషన్‌నూ తర్వాత ఎప్పుడైనా విడివిడిగా మార్చుకునే వీలుంది గనక, చివరి క్షణంలో పరిశీలించడమే నమ్మదగినదన్నది అందులోని తర్కం. ఆ తర్కంతో నాకు పేచీ లేదు. తయారుచేసేటప్పుడే ఒక హెచ్చరిక వచ్చి ఉంటే మాత్రం ఎంతో బాగుండేది.

ఇంకా లోపలికి వెళ్తే, ఎవరూ చూడని చోట చేసిన పని కనిపిస్తుంది. వరుస పరిమాణం సుమారు 2 కిలోబైట్లు దాటితే పోస్ట్‌గ్రెస్ అందులోని పెద్ద విలువలను కుదించడమో, పక్కన వేరే చోట దాచడమో చేస్తుంది. దీన్ని టోస్ట్ అంటారు. అలా పక్కన దాచిన విలువ మారకపోతే, కొత్త వరుసతో పాటు దాన్ని లాగ్‌లో మళ్లీ రాయదు. షరతులో వాడిన కాలమ్ అలాంటిదైతే, కొత్త వరుసలో ఆ చోట ఖాళీయే కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి తీర్పు చెప్తే తప్పవుతుంది. కోడ్ ఏం చేస్తుందంటే, ఐడెంటిటీ కోసం పాత వరుసతో రాసి ఉంచిన అదే విలువను తెచ్చి కొత్త వరుసలో పెట్టి, ఆ తర్వాతే షరతును అడుగుతుంది. జిల్లా పేరు 2 కిలోబైట్లు ఉండదు, వాస్తవంలో ఇది తటస్థించేది బహు అరుదు. అయినా గోడ వైపు తిరిగి ఉండే పలకకు కూడా చిత్రిక పట్టే వడ్రంగిలా పనిచేశారు.

షరతులో సొంతంగా రాసుకున్న ఫంక్షన్లను రానివ్వకపోవడమూ ఇలాంటి ముందుచూపే. లాగ్‌ను చదివే ప్రక్రియ, ఆ మార్పు జరిగిన క్షణంలో డేటాబేస్ నిర్మాణం ఎలా ఉందో ఆ నాటి కళ్లతోనే చూస్తుంది. ఆ రోజు ఫంక్షన్‌లో తప్పుంటే ప్రక్రియ అక్కడ ఆగిపోతుంది. ఇవాళ మీరు ఫంక్షన్‌ను సరిదిద్దినా లాభం లేదు, దానికి కనిపించేది ఆనాటి తప్పు ఫంక్షనే. రెప్లికేషన్ అక్కడే ఇరుక్కుపోతుంది. అటు సబ్‌స్క్రైబర్ ఎంతవరకు అందుకున్నాడో గుర్తుంచుకునే స్లాట్ లాగ్‌ను వదలనివ్వదు, డిస్క్ నిండుతూ పోతుంది. ఆ ఊబిలోకి దిగే దారినే మూసేశారు.

వరుసలతో పాటు కాలమ్‌లను ఎంచే వీలూ అదే వెర్షన్‌లో వచ్చింది. ఫోన్ నంబరు కాలమ్‌ను వదిలేసి మిగతావి పంపవచ్చు. అయితే దీన్ని భద్రత కోసం నమ్ముకోవద్దని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే సూటిగా చెప్తుంది: దురుద్దేశంతో ఉన్న సబ్‌స్క్రైబర్ వదిలేసిన కాలమ్‌లను కూడా రాబట్టగలదు, రక్షణను మూలం వైపే కట్టుదిట్టం చేసుకోవాలి. తాము కట్టినదాని హద్దును తామే ఇంత స్పష్టంగా రాయడం కూడా పనితనంలో భాగమనే అనుకుంటాను.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఒకే టేబుల్ రెండు పబ్లికేషన్లలో వేరు వేరు షరతులతో ఉండి, ఒక సబ్‌స్క్రిప్షన్ రెండింటినీ తీసుకుంటే, ఏ ఒక్క షరతుకు లోబడినా వరుస వెళ్తుంది. రెండింట్లో ఒకదానికి షరతే లేకపోతే వరుసలన్నీ వెళ్తాయి. గుంటూరుకు గుంటూరే వెళ్తోందని నమ్మేముందు, పబ్లికేషన్ టేబుళ్ల వివరాలు చూపించే సిస్టమ్ వ్యూను తెరిచి, ప్రతి టేబుల్ ఎదుట ఏ షరతు ఉందో, ఏ కాలమ్‌లు ఉన్నాయో కళ్లారా చూసుకోవచ్చు. ఆ రెండు వివరాలనూ ఆ వ్యూలో 15వ వెర్షన్‌లోనే చేర్చారు.