ఊరిని కూడా రాసిన విలేకరులు

టీవీ విలేకరికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఏబీసీ న్యూస్‌లో ఆ గడియారంతో పరుగెత్తిన జాన్ డాన్వన్, కేరెన్ జుకర్ ఆటిజం చరిత్రకు మాత్రం ఏళ్లు వెచ్చించారు. జుకర్ కొడుకుకు ఆటిజం ఉంది.

వాళ్ల పనితనం చూడాలంటే డోనాల్డ్ ట్రిప్లెట్ కథ చదవాలి. 1943లో డాక్టర్ లియో కానర్ ఆటిజంపై రాసిన వ్యాసంలో వివరించిన 11 మంది పిల్లల్లో మొదటివాడు అతనే. ఆ పిల్లవాడు ముసలివాడయ్యాక, మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో వీళ్లు వెతికి పట్టుకున్నారు. ఆటిజం చరిత్రతో ఆగలేదు, ఊరినీ రాశారు. పసితనంలో సంరక్షణ సంస్థకు పంపిన బిడ్డను తిరిగి ఇంటికి తెచ్చుకున్న అమ్మానాన్నలు, బ్యాంకులో ఉద్యోగం, గోల్ఫ్, అతన్ని కడుపులో పెట్టుకు చూసుకున్న ఇరుగుపొరుగు. డోనాల్డ్‌ను నొప్పిస్తే ఊరుకోమని ఈ విలేకరులనే హెచ్చరించిన ఊరది! ఆ హెచ్చరికను దాచకుండా అచ్చేయడం నాకు గొప్పగా తోచింది.

తల్లికి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని వైద్యులే నిందించిన కాలం ఒకటుంది. ఆ తల్లుల పోరాటాన్నీ ఆధారాలతో నిలబెట్టారు.

2016లో వచ్చిన వీళ్ల పుస్తకం ‘ఇన్ ఎ డిఫరెంట్ కీ’ పులిట్జర్ తుది పోటీదాకా వెళ్లింది. ఆటిజం గురించి రాయబోయే తెలుగు విలేకరులు ముందుగా ఈ పుస్తకం చదవాలి.