'అందరికీ ఇంటర్నెట్' - అందులో మేమెక్కడ?

ఇంటర్నెట్‌ను ఎవరు పాలించాలనే ప్రపంచ వాదన రెండుసార్లు మన హైదరాబాదు గడప తొక్కింది. 2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం ఇక్కడ కూర్చుంది. 'అందరికీ ఇంటర్నెట్' అన్నది ఆనాటి నినాదం. 2016 నవంబరులో ఐకాన్ సంస్థ సమావేశమైంది. ప్రపంచంలోని వెబ్‌సైట్ల పేర్ల వ్యవస్థను చూసే ఈ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ అంతకు నెల ముందే, అక్టోబరు 1న ముగిసింది. పెత్తనం అమెరికాదా, అన్ని దేశాలదా అని వాదించారు. సరే. 'అందరూ' అంటే ఎవరు?

ఈ మాట మీద మా అనుమానం ఊరికే పుట్టింది కాదు. మహద్ చెరువు కాగితం మీద 1924లోనే అందరిదీ అయింది. దళితులు ఆ నీళ్ళు ముట్టింది 1927 మార్చి 20న, అంబేద్కర్ ముందు నడిస్తే. ముట్టినందుకు దెబ్బలూ తిన్నారు.

2005లో ట్యునీషియాలో జరిగిన ప్రపంచ సదస్సు ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌరసమాజం కలిసి ఇంటర్నెట్‌ను నడపాలంది. ఊరూ వాడా విడిగా ఉన్న దేశంలో 'పౌరసమాజం' ఒక్కటెట్లా అవుతుంది? ఆ కుర్చీలో కూర్చునేది ఇంగ్లీషు వచ్చినవాడు, పాస్‌పోర్టు ఉన్నవాడు, వారం పని మానినా పొయ్యి వెలిగేవాడు. అతన్ని మా తరఫున పంపింది ఎవరు?

పోనీ దేశాల చేతికొస్తే మన చేతికొచ్చినట్టేనా? ప్రభుత్వాలతో 50 మంది సభ్యుల కమిటీ వెయ్యాలని 2011లో భారతదేశమే ఐక్యరాజ్యసమితిలో అడిగింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చిన తీర్పు మీద 2018 ఏప్రిల్ 2న దళితులు బంద్ చేస్తే పంజాబ్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అమెరికా కాదు, మన పాలకులే ఆపారు. 2017 నిబంధనలు ఆ అధికారాన్ని హోంశాఖ కార్యదర్శి చేతిలో పెట్టాయి. 2024లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అంతే.

మేం మధిర నుంచి మాట్లాడుతున్నాం. 2009 నుంచి ఇది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. కుర్చీ దక్కడం ఎంత అవసరమో మాకు తెలుసు. కుర్చీలో కూర్చునేవాణ్ణి ఎవరు ఎంచుతారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని 1932 పూనా ఒప్పందం నేర్పింది. ఐకాన్ చర్చల్లో మొదటి ప్రశ్నే రాలేదు, రెండోది ఎక్కడిది?

మా వాడలో ఆడవాళ్ళు ఉపాధి కూలి ఖాతాలో పడిందో లేదో చూడమని చదువుకున్న పిల్లల చేతికి ఫోనిస్తారు. వాళ్ళకు ఇంటర్నెట్ అంటే పడాల్సిన కూలి. సర్వర్ పనిచెయ్యకపోతే ఎవర్ని నిలదియ్యాలో, ఏ భాషలో అడగాలో చెప్పని పాలన, వాషింగ్టన్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా వాళ్ళకొకటే. జవాబు చెప్పే మనిషి మండలంలో ఉండాలి, తెలుగులో చెప్పాలి, నెట్ ఆపే ముందు మా మాట వినాలి. పరిశోధకులుగా మనం ఈ చర్చను ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.