నలుగురు మోశారు, జనం దారి ఇవ్వలేదు: మార్కు 2:1–12 వ్యాఖ్యానంపై ఒక విమర్శ

పక్షవాయువుగలవాని స్వస్థతను గూర్చిన వాక్యభాగం మన ప్రసంగవేదికలకు మిక్కిలి పరిచితమైనది. నలుగురి విశ్వాసం, ఐక్యత, పట్టుదల అను మూడు తలంపులతో ప్రసంగం ముగుస్తుంది. తిరుమలగిరిలో మేమును చాలా ఏండ్లు అలాగే బోధించాము. ఆ వ్యాఖ్యానంలో ఒక లోపమున్నదనియు, దాని ఫలితం మన మందిరాల గుమ్మం దగ్గర కనబడుచున్నదనియు ఈ వ్యాసంలో చూపదలచాము.

మొదట వాక్యభాగాన్ని చూద్దాం. 2వ వచనం ప్రకారం ఆ ఇంట గుమ్మం దగ్గర కూడ చోటు లేదు. 6వ వచనంలో శాస్త్రులు లోపల కూర్చొని ఉన్నారు. అనగా కొందరికి కూర్చొనేంత స్థలం దొరికింది, నడవలేనివానికి మాత్రం దొరకలేదు. ఎవరూ అతనిని కావాలని ఆపలేదు. వారు వాక్యం వినడానికే వచ్చారు. అయినను అడ్డు వారే. పైకప్పు తీసినందుకు యేసు ఎవరినీ గద్దించినట్లు మార్కు వ్రాయలేదు. 12వ వచనంలో స్వస్థపడినవాడు అందరి యెదుట నడచి వెళ్లాడు. రోగిగా వచ్చినప్పుడు దొరకని దారి స్వస్థుడైన తరువాత దొరికింది. నలుగురిని మెచ్చుకొనే ప్రసంగం ఈ జనాన్ని ప్రశ్నించకుండా విడిచిపెట్టుచున్నది.

5వ వచనంలోని పాపక్షమాపణను ఆధారం చేసుకొని వైకల్యానికి పాపమే కారణమని చెప్పేవారు మనలో ఉన్నారు. యోహాను 9:3 ఆ తీర్పుకు అడ్డుపడుచున్నది. మన నల్లగొండ ప్రాంతంలో ఆ బోధ మరింత క్రూరమైనది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల బోరునీళ్లు ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు వంగిపోయాయి. వారు చేసిన పాపమేది? మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని 2003లో జలసాధన సమితి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ ఢిల్లీకి తీసుకొని వెళ్లి, నాటి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లమీద ఉంచారు. మార్కు వ్రాసిన దృశ్యమే మన జిల్లాలో మరల జరిగింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు వచ్చాయి. స్వామి 2023 జనవరిలో మరణించారు. నీళ్లు వచ్చినంత మాత్రాన వంగిన ఎముకలు చక్కబడవు. ఆ ఎముకలతో జీవించేవారు నేడు మెట్ల ముందు నిలిచి ఉన్నారు.

ఆ మెట్లను గూర్చి చట్టం మాట్లాడింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, అభ్యసన వైకల్యం కూడ ఉన్నవి. ప్రజాభవనం అను మాటకు అది ఇచ్చిన నిర్వచనంలో మతకార్యాలకు వాడే భవనాలు, ప్రైవేటువైనను, చేరియున్నవి. కనుక మన మందిరం ప్రజాభవనమే. ఉన్న ప్రజాభవనాలను నిబంధనలు వెలువడిన అయిదేండ్లలోగా అందరూ రాగలిగేలా మార్చాలని 45వ సెక్షను చెప్పింది. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022తో తీరింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన 15(1)వ నిబంధనను చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ తీర్పుకు తోడ్పడిన నివేదిక హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలో తయారైనది. సలహా మెట్టును కదల్చలేదని కోర్టు గ్రహించింది. మన ప్రసంగాలు కూడ సలహాలుగానే మిగిలిపోలేదా?

మా సంగతి దాచము. మా మందిరం నేలకు రెండడుగుల ఎత్తున ఉన్నది. మోకాళ్లు వంగని ఒక సహోదరి బయట వేపచెట్టు క్రింద కూర్చొనేది. ప్రభురాత్రి భోజన సమయమున మేమే రొట్టెను ఆమెయొద్దకు తీసుకొని వెళ్లి, దానిని గొప్ప పరిచర్యగా తలంచితిమి. ఒకనాడు ఆమె, "అయ్యగారూ, రొట్టె బయటికొచ్చింది గని నేనైతే లోపలికి రాలే" అన్నది. ఇంకొక కుటుంబంలోని బిడ్డ సౌండుబాక్సుల మోతకు చెవులు మూసుకొని అరిచేవాడు. దయ్యమని కొందరన్నారు, ఉపవాసప్రార్థన పెట్టమన్నారు. శబ్దం తగ్గించమని మేము చెప్పలేదు. ఆ తల్లి మరల రాలేదు. ఈ రెండు చోట్లను అడ్డుగా నిలిచిన జనము మేమే.

చిన్న సంఘాలకు డబ్బు ఎక్కడిదని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున వాలుబాట కావాలి. మా రెండడుగులకు ఇరువదినాలుగడుగులు. ఖర్చు ఉన్నది గాని గోపురానికి అయ్యేదానితో పోల్చదగినది కాదు. అంతవరకు ఆవరణలో పందిరి వేసి అందరూ నేలమట్టంలోనే ఆరాధించవచ్చు. సౌండు తగ్గించడానికి, మధ్యలో లేచి వెళ్లే బిడ్డను గద్దింపకుండుటకు పైసా ఖర్చు లేదు.

మోసే నలుగురిని మేము తక్కువచేయడం లేదు. దారి లేనిచోట వారు కావలసినవారే. అయితే ప్రతి ఆదివారం ఒకరిని మోయవలసి వస్తున్నదంటే, మోసేవారి విశ్వాసంతోపాటు ఆ ఇంటి గుమ్మమును కూడ పరీక్షించాలి. ఈ వాక్యభాగంపై ఇక ప్రసంగించబోయే సేవకులు, విద్యార్థులు ముందుగా తమ మందిరం మెట్లు లెక్కపెట్టి, ఆ తరువాత వేదిక ఎక్కవలెనని మా మనవి.