మౌనం అర్ధాంగీకారమేనా?

నా పిహెచ్.డి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో స్త్రీలు రాసిన కరపత్రాల మీద. ఆ పనిలోనే నాకు క్వేకర్లు పరిచయమయ్యారు. పూజారి, ప్రసంగ పీఠం లేకుండా అందరూ ఒక గదిలో మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి మాట పుట్టినవాళ్లు లేచి మాట్లాడతారు. అలా లేచినవాళ్లలో మొదటి నుంచీ ఆడవాళ్లున్నారు. సంఘంలో స్త్రీలు నోరు మూసుకోవాలని పౌలు పేరు చెప్పి బెదిరించేవాళ్లకి మార్గరెట్ ఫెల్ 1666లో, జైల్లో ఉండగానే, బైబిల్‌తోనే జవాబు చెప్పింది. ‘విమెన్స్ స్పీకింగ్ జస్టిఫైడ్’ అన్న ఆ చిన్న పుస్తకానికి నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఇచ్చాను.

డిగ్రీ చేతికొచ్చాక క్వేకర్లతో పని అయిపోయిందనుకున్నాను. కిందటేడు ఒక సెమినార్ సెలక్షన్ కమిటీలో కూర్చున్నాక మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

అమెరికాలో ఫ్రెండ్స్ జనరల్ కాన్ఫరెన్స్ అని 1900లో మొదలైన క్వేకర్ సంస్థ ఒకటుంది. వేసవిలో, చాలాసార్లు ఏదో ఒక కాలేజీ ఆవరణలో, పిల్లాపాపలతో సహా కలుసుకునే ‘గ్యాదరింగ్’ నడుపుతుంది. 2020లో కోవిడ్ వల్ల అది ఆన్‌లైన్‌లో జరిగింది. ఆ కలయికకి ఆయువుపట్టు ఉదయం పూట వర్క్‌షాపులు. మన సెమినార్లలోలాగా పదిహేను నిమిషాల్లో పేపర్ చదివి దిగిపోవడం కాదు. ఒకే బృందం వరసగా కొన్ని రోజులు కలుస్తుంది. బైబిల్ చదవడం, క్వేకర్ చరిత్ర, జాతి వివక్ష, పాట, బొమ్మలు వేయడం, చావుకి సిద్ధపడటం, ఇలా ఏదైనా విషయం కావచ్చు. నడపాలనుకున్నవాళ్లు నెలల ముందే ప్రతిపాదన పంపాలి. స్వచ్ఛందంగా పనిచేసే కమిటీ వాటిని చదివి ఎంపిక చేస్తుంది.

ఆ ఎంపిక క్వేకర్ పద్ధతిలో సాగుతుంది. వాళ్ల సభల్లో ఓటింగ్ ఉండదు. మౌనంతో మొదలుపెడతారు. ఒకరు మాట్లాడాక ఇంకొకరు వెంటనే అందుకోరు, కాస్త ఆగుతారు. సభ ఎటు మొగ్గిందో గమనించి క్లర్క్ ఒక తీర్మానం రాసి అక్కడికక్కడే చదువుతారు. క్లర్క్ అంటే మన ఆఫీసు గుమాస్తా కాదు, సభ నడిపే మనిషి. తన అభిప్రాయాన్ని పక్కన పెట్టుకోవడమే ఆ మనిషి మొదటి పని. ఒక్కరికి మనసొప్పకపోయినా ఆగి మళ్లీ ఆలోచిస్తారు. దీనికి వాళ్లు వాడే మాటని తెలుగు బైబిల్ మాటలో చెప్పాలంటే ‘వివేచన’. ఈ ప్రతిపాదన బాగుందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఈ మనిషికి ఈ పని చెయ్యమని లోపలి ప్రేరణ ఉందా, మొత్తం కలయికలో ఏ గొంతు లేకుండా పోతోంది అని కూడా అడుగుతారు.

మొదటిసారి ఇదంతా తెలుసుకున్నప్పుడు నాకు అసూయ వేసింది. మార్కులు, కూడికలు, ‘మావాడు’ అనే గుసగుసలు లేని ఎంపిక! కానీ నేను చదువుకున్నది సాహిత్యం. ఎంత అందమైన పాఠంలోనైనా ఎక్కడ ఏం మిగిలిపోయిందో వెతకడం అలవాటైపోయింది.

క్వేకర్ల మొదటి ఎంపిక కమిటీ వర్క్‌షాపులది కాదు, రాతప్రతులది. 1673లో లండన్‌లో జార్జ్ ఫాక్స్ చొరవతో ‘సెకండ్ డేస్ మార్నింగ్ మీటింగ్’ ఏర్పడింది. సోమవారాలు కలిసి, క్వేకర్ల పేరు మీద ఏది అచ్చవ్వాలో ఏది కూడదో తేల్చేది. అందులో కూర్చున్నవాళ్లు మగ బోధకులు. ప్రభుత్వం వేధిస్తున్న రోజులవి, అచ్చులో దొర్లిన ప్రతి మాటకీ ఎవరో ఒకరు జైలుకెళ్లాలి. కాబట్టి జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. కానీ జాగ్రత్త ఎప్పుడూ ముందు ఎవరి మాటని కత్తిరిస్తుంది? వీధుల్లో ఆవేశంగా ప్రవచించిన ఆడవాళ్ల మాటని. 1701కి వచ్చేసరికి ఆ మీటింగే, యోగ్యులైన మగవాళ్లు ఉన్న బహిరంగ సభల్లో స్త్రీలు ఎక్కువ సమయం తీసుకోవడం మంచిది కాదని హెచ్చరించింది. మార్గరెట్ ఫెల్ అప్పటికి బతికే ఉంది. ఆమె చనిపోయింది 1702లో. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని నా థీసిస్ రాస్తున్నప్పుడు నాకు తట్టలేదు. పుస్తకాన్ని చదివాను గానీ పుస్తకం తర్వాత ఆమె ఎన్నేళ్లు బతికిందో, ఏం చూసిందో ఆలోచించలేదు.

బయటికి గెంటడం ఎప్పుడూ అరిచి జరగదు. ఫిలడెల్ఫియాలో సారా మాప్స్ డగ్లస్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని చిన్నప్పటి నుంచీ తల్లి గ్రేస్‌తో కలిసి క్వేకర్ల ఆరాధనకి వెళ్లేది. బానిసత్వాన్ని ఎదిరించిన సమాజమే అది. అయినా నల్లవాళ్లకి బెంచీ వేరు. ఆ గదిలో ఎవరూ తిట్టలేదు, ఎవరూ నెట్టలేదు. అందరూ మౌనంగా దేవుడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ బెంచీ గురించి సారా 1830లలో ఉత్తరాలు రాసింది. నాకైతే మన టీకొట్లలో వేరుగా పెట్టే గ్లాసు గుర్తొచ్చింది. ఈ చరిత్రనంతా డోనా మెక్‌డేనియల్, వనెస్సా జూలై అనే ఇద్దరు స్త్రీలు ‘ఫిట్ ఫర్ ఫ్రీడమ్, నాట్ ఫర్ ఫ్రెండ్‌షిప్’ అన్న పుస్తకంగా 2009లో తెచ్చారు. ప్రచురించింది ఫ్రెండ్స్ జనరల్ కాన్ఫరెన్సే. తన మీద తనే ఇంత పెద్ద పుస్తకం వేసుకున్న సాహిత్య సంస్థ మనకి ఉందా అని అడగాలనిపిస్తుంది. అది వేరే వ్యాసం.

వర్క్‌షాపుల సంగతికొస్తే నా అనుమానాలు రెండు. ‘ప్రేరణ’ని కాగితం మీద చూపించడం ఒక భాష. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకి అది మాతృభాష. బయట నుంచి వచ్చిన మనిషి అదే ప్రేరణని మామూలు మాటల్లో రాస్తే కమిటీకి వినపడుతుందా? రెండోది కాదన్న మాట గురించి. ఓటింగ్‌లో మనకి వ్యతిరేకంగా ఎన్ని చేతులు లేచాయో లెక్కైనా తెలుస్తుంది. మౌనంలోంచి వచ్చిన ‘కాదు’కి చేతులుండవు. ఎవరినని నిలదీస్తాం? అధికారం ఎక్కడుందో కనపడని బృందాల్లో అది మరింత బలంగా పనిచేస్తుందని జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే, స్త్రీవాద బృందాల లోపల నుంచే రాసింది.

ఆ మాటకొస్తే మనకీ ఒక మాటుంది, ఏకగ్రీవం. గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకే మెడ! పంచాయతీ ఎన్నికలు ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నజరానాలు ప్రకటిస్తాయి. రిజర్వుడు సీటులో ఒక దళిత స్త్రీ పేరు రచ్చబండ దగ్గర ‘ఏకగ్రీవంగా’ ఖాయమైనప్పుడు ఆ మెడ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇక నా కమిటీ సంగతి. అరవై దాకా సంగ్రహాలొచ్చాయి, తీసుకోవాల్సినవి ఇరవై నాలుగు. ఒక రిసెర్చ్ విద్యార్థిని నాట్లప్పుడు వాళ్లమ్మ పాడే పాటల మీద రాసింది. పాటలో కైకిలి లెక్క ఎలా వస్తుందో, దొరని ఎక్కడ పేరు పెట్టి తిడతారో, కొత్తగా వచ్చిన కోడలికి ఏ చరణం ముందు నేర్పుతారో ఒక్క పేజీలో చెప్పింది. అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన కాగితం బల్ల మీద పెట్టి, “అనుభవం బాగుందమ్మా, కానీ పరిశోధన భాష లేదు. అందరికీ సమ్మతమే కదా?” అన్నారు. గదిలో నిశ్శబ్దం. ఎంతసేపో కాదు, ఫ్యాన్ రెండుమూడు చుట్లు తిరిగినంతసేపు. ఆ కాగితం కింది దొంతరలోకి పోయింది.

నాకు ఆ పేజీ నచ్చింది. నేను అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తున్నాను, రెన్యువల్ మేలో. ఇంతకన్నా కారణం లేదు. పదిహేడో శతాబ్దంలో ఆడవాళ్లు మాట్లాడటం మీద మూడొందల పేజీలు రాసిన మనిషిని.

నెల తర్వాత ఆ అమ్మాయి కారిడార్లో ఎదురుపడింది. “కమిటీలో మీరు కూడా ఉన్నారట కదా మేడమ్. ఎందుకు తియ్యలేదో చెప్తే సరిదిద్దుకుంటాను” అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. “అందరం కలిసి తీసుకున్న నిర్ణయమమ్మా” అన్నాను. తను తలూపి వెళ్లిపోయింది.

క్వేకర్ల పద్ధతిని తీసి పారెయ్యలేను. ఆ గదిలో క్లర్క్ లాంటి మనిషి ఉండి, నిశ్శబ్దాన్ని మూడు చుట్లు కాకుండా మూడు నిమిషాలు సాగనిస్తే నేను నోరు తెరిచేదాన్నేమో. ‘ఏమో’ అనే రాస్తున్నాను, అంతకు మించి నా మీద నాకు నమ్మకం లేదు.

రెన్యువల్ అయింది. ఈ ఏడాది కూడా కమిటీలో ఉండమన్నారు. తిరస్కరించిన ప్రతి సంగ్రహానికీ కారణం, ఆ కారణం చెప్పినవాళ్ల పేరూ మినిట్స్‌లో రాయాలని ఒక కాగితం పెట్టాను. “చూద్దాం” అన్నారు. సంగ్రహాలు రావడం మొదలైంది. ఆ అమ్మాయి నుంచి ఇంతవరకూ ఏమీ రాలేదు.