గీత చూసి గుర్తుపట్టే కన్ను

పాత వెండి నాణేలు సేకరించేవాళ్లలో నాకు బాగా నచ్చేది వాళ్ల చూపు. అమెరికా మోర్గాన్ డాలర్‌నే తీసుకోండి. జార్జ్ మోర్గాన్ రూపొందించిన ఈ నాణెం 1878లో మొదలైంది. బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల వీటిని లక్ష మాత్రమే ముద్రించింది. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల పైచిలుకు వెండి డాలర్లు కరిగిపోయాయి. వాటిలో ఏ ఏడాదివి ఎన్ని పోయాయో లెక్క రాసిపెట్టలేదు.

అరుదైన సరుకుకు నకిలీల బెడద తప్పదు. 1893లోనే ఫిలడెల్ఫియాలో ముద్రించిన నాణెం బొరుసువైపు శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తైన ‘ఎస్’ అక్షరం అతికించి అమ్మేవాళ్లున్నారు. తెలిసిన సేకర్త ఆ అక్షరంతో సరిపెట్టుకోడు, భూతద్దం పెట్టి బొమ్మవైపు కూడా చూస్తాడు. 1893 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో నాణేలన్నిటికీ ఆ వైపు అచ్చు ఒక్కటే. అందుకే తలపట్టీ మీది ‘లిబర్టీ’లో ‘టి’ పైభాగాన వెంట్రుకవాసి ఏటవాలు గీత ఉంటుంది. అది కనబడకపోతే అనుమానించాల్సిందే.

నాణెం నల్లబడినా తోమడు. తోమితే సహజమైన మెరుపూ పోతుంది, విలువా పోతుంది. కొలిమి తప్పించుకున్న వెండిని చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి అందిస్తున్న ఈ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.