నడిమిట్ల గీత

సంఘమన్నాక మీటింగు, మీటింగన్నాక రిజిస్టరు. ఆ రిజిస్టరులో నడిమిట్ల గీత గీసి ఎడమ పక్క 'బలాలు', కుడి పక్క 'బలహీనతలు' అని రాసుకోవడం ఇప్పుడు అన్ని సంఘాలూ నేర్చినయి. కంపెనీలలో పుట్టిన పద్ధతి స్వచ్ఛంద సంస్థల మీదుగా మన దాకా వచ్చింది. అమ్రాబాద్‌లో మేమూ కూచొని రాసినం. బలాలు: ఐక్యత, ఉర్దూ తెలుగు రెండూ రావడం, ఊరందరితో మంచిగుండడం. బలహీనతలు: తక్కువమందిమి, పైసల్లేవు, చదువు తక్కువ. బలాలు పెంచుకోవాలె, బలహీనతలు తగ్గించుకోవాలె అని తీర్మానించి చాయ్ తాగి లేచినం. ఆ తీర్మానం మీదనే మా పేచీ.

మా గట్టు మీద జరిగిందే చూడండి. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, లంబాడీలు, రైతులు, దుకాణదారులు, హైదరాబాద్‌లో విద్యార్థులు, కవులు, సినిమావాళ్లు అందరూ ఒక్క మాట మీదికొచ్చిండ్రు. ఆ మాట 'వద్దు'. ఒక జెండా లేదు, ఒక నాయకుడు లేడు. అదే వాళ్ల బలం. ఎవర్ని కొనాలో, ఎవర్ని బెదిరించాలో సర్కారుకు తెలియలేదు. సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ మర్నాటి నుంచి అదే బలం బలహీనతైంది. అణు ఖనిజం కేంద్రం చేతిలోది, శాసనసభ తీర్మానం దానికి తాళం కాదు. ఆ తాళం కోసం ఏండ్ల తరబడి కాగితాల వెంట తిరగాలంటే నాయకుడో, ఆఫీసో, కనీసం ఒక పెట్టె నిండా ఫైళ్లో ఉండాలె. నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు జనం 2003 నుంచి ఇదే యురేనియంతో కొట్లాడిండ్రు. వాళ్ల అనుభవాన్ని మా గట్టు ఎంత అడిగి తెలుసుకుంది? పెద్దగా ఏం లేదు.

ఇంకా చిక్కు ముడి పులి. యురేనియంను ఆపడానికి అందరం పులిని ముందు పెట్టినం. పులుల అడవిలో బోర్లేస్తరా అని అడిగితే దేశం విన్నది. చెంచుల బతుకేం కావాలె అని అడిగితే అంతగా వినలేదు. ఇప్పుడు అదే పులి పేరు చెప్పి, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ చూపి, నడి అడవిలోని చెంచు పెంటలను లేవమంటున్నరు. మరి పులిని ఏ గడిలో రాయాలె?

మా సమాజం సంగతికొస్తే 'ఐక్యత' అనే మాట మీదనే మాకు అనుమానం. ముస్లింలలో కులం లేదు, అందరం ఒక్కటే అన్నది మా సంఘాలు అన్నిటికన్న పైన రాసుకునే బలం. 2007లో ప్రభుత్వం బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు అత్తరు సాయిబులు, ఫకీర్లు, ధోబీ ముస్లింలు, ఖురేషీ కసాబులు, గారడీ సాయిబుల పేర్లు మొదటిసారి మా సంఘాల నోళ్లలోకి ఎక్కినయి. దూదేకులవాళ్లు అంతకు ముందే బీసీ-బి లో, మెహతర్లు బీసీ-ఎ లో ఉన్నరు. వాళ్లను మాత్రం మేం నికాహ్ సంబంధాల దగ్గర, మస్జిద్ కమిటీల దగ్గర ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తున్న ఆ 4 శాతం, మేం లేదని దాచిన కులం ఆధారంగానే నిలబడింది. బలహీనత అని దాచిపెట్టినదే కోర్టులో మమ్మల్ని కాపాడే వాదనైంది. ఇంతకన్న పెద్ద వెక్కిరింత ఏముంటది!

రాసేవాళ్లం, మా మీదికీ రావాలె. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' 1998లో, 'వతన్' కథలు 2004లో వచ్చినయి. షాజహానా 'నఖాబ్' ఇంట్లోపలి గోడల మీదికి కూడా గురిపెట్టింది. బయటినుంచి దెబ్బ తగిలితే మేం పదిమందిమి తొందరగా కూడుతం, సంకలనం వేస్తం. ఆ తొందర మా బలం, కాదనం. కానీ పుస్తకావిష్కరణ అయినంక ఎవరి ఊరు వాళ్లదే. పత్రిక నిలబెట్టలేదు, ఒక్క లైబ్రరీ పెట్టలేదు, మా పుస్తకాలు ఇప్పుడు కొందామన్నా దొరకవు. ఇంట్ల ఉర్దూ, కలంల తెలుగు అని గొప్పగా చెప్పుకుంటం. ఆ తెలుగు పుస్తకాన్ని మా అమ్మీకి చదివి వినిపించినవాళ్లం ఎంతమందిమి? లౌకిక మిత్రులు ముందుమాటలు రాసిండ్రు, షుక్రియా. మేం లోపలి మాట ఎత్తినప్పుడల్లా 'ఇప్పుడిది సమయం కాదు' అన్నది కూడా వాళ్లే, మా పెద్దలతో గొంతు కలిపి.

అందుకే మేం తర్వాతి మీటింగుల రిజిస్టరు మళ్ల తెరిచినం. 'ఐక్యత' మీద కొట్టేసి ఎవరితో, ఏ పనికి అని రాద్దామన్నం. 'తక్కువమందిమి' అన్నదాన్ని ఎడమ పక్కకు తెద్దామన్నం. పది ఇండ్లున్న ఊర్ల ఏ ఇంట్ల ఎవరికి ఆకలో అందరికీ తెలుస్తది, పట్నంల అది కుదరదు. చెంచులను పిలవకుండ మాట్లాడొద్దని ఒక పిలగాడన్నడు. వాళ్లొస్తే మన సంఘం పేరు మార్చాలెగదా అని చిచ్చా ఒకాయన లేచి నిలబడ్డడు. ఆ రాత్రి పేజీల కింద సంతకాలు పడలేదు. వచ్చే నెల జుమ్మా తర్వాత మళ్ల కూచుంటం.